19 వోల్టులు ఎంతదాకా వెళ్లాయి?

ఒకరు తెనాలిలో టేప్ రికార్డర్ల కాలం నుంచీ రిపేరు దుకాణం నడుపుతున్న మావయ్య. ఇంకొకరు బెంగళూరులో పవర్ సప్లై బోర్డులు డిజైన్ చేసే ఆయన మేనకోడలు. ఇద్దరి మధ్యా బల్ల మీద ఉన్నది 3.5 అంగుళాల ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. దానికి పెట్టాల్సింది 12 వోల్టుల అడాప్టర్. ఇంట్లో ఎవరో లాప్‌టాప్ తాలూకు 19 వోల్టుల అడాప్టర్ గుచ్చారు. జాక్ పట్టింది, డిస్క్ ఆగిపోయింది.

అందులో ఉన్నవి పద్య నాటకాలకు హార్మోనియం వాయించిన ఒకాయన తన ప్రదర్శనలప్పుడు క్యాసెట్లలో పట్టుకున్న రికార్డింగులు. రాయబారం సీన్లు, వారణాసి, కాటి సీన్లు, జనం ‘వన్స్ మోర్’ కేకలతో సహా. ఆయన కొడుకు వాటిని నాణ్యత తగ్గించకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు, ఒక్కో సి-90 క్యాసెట్టుకీ దాదాపు 950 ఎంబీ. ఆ తర్వాత క్యాసెట్లు బూజు పట్టిపోయాయి. రెండో కాపీ లేదు.

ఇద్దరికీ పని వచ్చు. ఇద్దరికీ ఆ పద్యాలు దక్కాలనే ఉంది. అయినా మొదటి అడుగు దగ్గరే విడిపోయారు. కాలిన భాగాన్ని పట్టుకోవడం ఎలాగో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వీళ్ల తగాదా అంతకు ముందు అడగాల్సిన ప్రశ్న గురించి. అందుకే దాన్ని ఇక్కడ రాస్తున్నాను.

మావయ్య: దీనికంత ఆలోచన ఎందుకమ్మా? డిస్క్ బోర్డు మీద 12 వోల్టుల లైనుకి టీవీఎస్ డయోడ్ ఉంటుంది. వోల్టేజీ ఎక్కువొస్తే షార్టయి కూర్చుంటుంది. దాన్ని పీకేస్తే డిస్క్ తిరుగుతుంది. నా చేతిమీద ఎన్ని తిరగలేదు?

కోడలు: తిరిగినవే గుర్తుంటాయి మావయ్యా. తిరగనివి జనం పట్టుకెళ్లిపోతారు. డయోడ్ షార్టయిందనే నేనూ అనుకుంటున్నాను. అది షార్టయ్యేలోపు 19 వోల్టులు ఇంకా ఎక్కడిదాకా వెళ్లాయో మనకు తెలియదు. అది తెలియకుండా డయోడ్ పీకి సప్లై ఇస్తే, ఇప్పటిదాకా బతికున్నది కూడా మన చేతుల్లో పోవచ్చు. డేటా రికవరీ ల్యాబుకి పంపించేద్దాం.

మావయ్య: ల్యాబులో మొదట చేసేదీ ఇదే. ఆ బిల్లు ఆయన కట్టగలిగితే నా దగ్గరికెందుకు వస్తాడు? ‘ఖర్చు పెట్టలేవు కాబట్టి మీ నాన్న పద్యాలు వదులుకో’ అని నేను చెప్పలేను.

కోడలు: వదులుకోమనడం లేదు. ఒకే కాపీ ఉన్న వస్తువు మీద ప్రయోగం చెయ్యొద్దంటున్నాను. మీ దగ్గరికి టీవీ బోర్డు వస్తే, అది పోయినా ఇంకో టీవీ దొరుకుతుంది. ఇది అలాంటిది కాదు.

మావయ్య: సరే. ప్రయోగం వద్దు, పరీక్ష చేద్దాం. పరీక్షకి అభ్యంతరం లేదు కదా? ముందు వాళ్లబ్బాయి ఫోన్లో ఏమన్నాడో విను. లాప్‌టాప్ అడాప్టర్‌లో ఆంపియర్లు ఎక్కువ, అందుకే కాలిందట. నాకు రోజూ ఇదే బోధన. డిస్క్ తనకు కావలసినంత కరెంటే లాక్కుంటుంది. 2 ఆంపియర్ల చోట 5 ఆంపియర్ల అడాప్టర్ పెట్టినా వోల్టేజీ సరిగ్గా ఉంటే ఏమీ కాదు. తక్కువ ఆంపియర్లది పెడితేనే చిక్కు. మోటారు తిరగబోయేటప్పుడు గట్టిగా లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, డిస్క్ టిక్కుటిక్కుమని ఆగిపోతుంది. కాల్చేది వోల్టేజీ.

కోడలు: మామూలు పరిస్థితిలో మీరన్నది అక్షరాలా నిజం. కానీ ఇలాంటి ప్రమాదంలో ఆంపియర్లకీ పాత్ర ఉంది. 12 వోల్టుల టీవీఎస్ డయోడ్ 13.3 నుంచి 14.7 వోల్టుల మధ్య ఎక్కడో తెరుచుకుని, వచ్చిందంతా గ్రౌండుకి పంపేస్తుంది. ఊరు మునగకుండా కాలువకి గండి కొట్టినట్టు. డేటాషీటులో 600 వాట్లని ఉంటుంది గానీ, అది మిల్లీసెకను పాటు ఉండే పల్సుకి రాసిన లెక్క. లైన్లో వచ్చే చిన్న కుదుపుల కోసం పెట్టిన భాగం అది. 90 వాట్ల లాప్‌టాప్ అడాప్టర్ 4.74 ఆంపియర్లు ఆపకుండా తోస్తుంది. 15 వోల్టుల దగ్గర చూసుకున్నా 70 వాట్లు. నాలుగున్నర మిల్లీమీటర్ల ముక్క అంత వేడిని ఎంతసేపు మోస్తుంది? లోపల కరిగి షార్టయిపోతుంది.

మావయ్య: షార్టయ్యాక ఇంకేముంది, అడాప్టర్ ఓవర్‌లోడని తనను తాను ఆపేసుకుంటుంది. వాళ్లు చెప్పిందీ అదే కదా, గుచ్చగానే అడాప్టర్ లైటు ఆరిపోయిందని. తర్వాత అసలు 12 వోల్టుల అడాప్టర్ పెడితే దాని లైటు కూడా ఆరిపోయింది. ‘రెండు అడాప్టర్లూ పోయాయి’ అనుకున్నారు. రెండూ బాగానే ఉన్నాయి. తీసి చూస్తే లైటు వెలుగుతోంది, మీటరు పెడితే ఒకటి 19, ఒకటి 12 చూపిస్తోంది. లైటు ఆరిందంటే అవతల షార్ట్ ఉందని అర్థం. చూడు, మీటరు తియ్యకముందే సగం రోగం తెలిసింది. 19 ఎంతోసేపు లేదని కూడా తెలిసింది.

కోడలు: ఎంతోసేపు లేదు. నిజమే. కానీ ఐసీ చావడానికి ఎంతోసేపు అక్కర్లేదు.

ఇక్కడ డిస్క్ లోపలి దారి ఒకసారి చెప్పుకోకపోతే మిగతా వాదన అర్థం కాదు. ఇలాంటి పెట్టెలో రెండు బోర్డులుంటాయి. మొదటిది కేసుకి చెందిన చిన్న బోర్డు. అడాప్టర్ జాక్, యూఎస్‌బీ సాకెట్ ఉండేది దీని మీదే. రెండోది డిస్క్ అడుగున బిగించిన అసలు బోర్డు. అడాప్టర్ నుంచి వచ్చిన 12 వోల్టులు కేసు బోర్డు మీద రెండుగా చీలతాయి. ఒక పాయ నేరుగా డిస్క్‌కి వెళ్లి మోటారుని, హెడ్లని కదిలించే ఐసీకి సప్లై ఇస్తుంది. ఇంకో పాయ బక్ కన్వర్టర్ అనే ఐసీలో 5 వోల్టులుగా తగ్గి, డిస్క్‌లోని మిగతా ఎలక్ట్రానిక్సుకి వెళుతుంది. 12 పాయ మీదే దెబ్బ పడితే బతికే ఆశ ఎక్కువ. ఆ బక్ కన్వర్టర్ లోపలి స్విచ్ షార్టయితే మాత్రం, 5 ఉండాల్సిన లైన్లోకి 19 అమాంతం దిగిపోతుంది.

కోడలు: నా భయమంతా ఆ 5 వోల్టుల లైను గురించే మావయ్యా. ప్రీయాంప్ అనే చిన్న చిప్ ఉంటుంది. అది బోర్డు మీద ఉండదు, సీలు చేసిన పెట్టె లోపల హెడ్ల పక్కన ఉంటుంది. దానికి కరెంటు వెళ్లేది ఈ 5 వోల్టుల వైపు నుంచే. అది పోతే మీ సోల్డరింగ్ ఐరన్ దాని దగ్గరికి పోలేదు. పెట్టె తెరవడం దుకాణాల్లో చేసే పని కాదు, హెడ్డు డిస్క్ మీద కొద్ది నానోమీటర్ల ఎత్తులో ఎగురుతుంది, దుమ్ము రేణువు చాలు గీసెయ్యడానికి. అందుకే అంటున్నా, 5 వోల్టుల డయోడ్ కూడా షార్టయి ఉంటే మీరు అక్కడితో ఆగిపోవాలి.

మావయ్య: ఆగుతాను. మాట ఇస్తున్నాను. ఇప్పుడు కొలవనిస్తావా?

కేసు విప్పి డిస్క్‌ని బయటికి తీశారు. ఏ వైరూ తగిలించలేదు. సాటా పవర్ కనెక్టర్‌లో 15 పిన్నులు. 7, 8, 9 ఐదు వోల్టులవి, 13, 14, 15 పన్నెండు వోల్టులవి, మధ్యలో ఉన్న 12వది గ్రౌండు. పన్నెండుకీ గ్రౌండుకీ మధ్య మీటరు పెడితే, రెండు లీడ్లూ ఒకదానికొకటి ఆనిస్తే ఎంత చూపిస్తుందో అంతే చూపించింది. పచ్చి షార్ట్. ఐదుకీ గ్రౌండుకీ మధ్య పెడితే అంకె నెమ్మదిగా పైకి పాకింది, కెపాసిటర్లు ఛార్జయ్యేటప్పుడు పాకినట్టే. షార్ట్ లేదు.

మావయ్య: చూశావా? ఐదు క్షేమం.

కోడలు: ఐదు షార్ట్ కాలేదు, అంతే తెలిసింది. క్షేమమని ఎట్లా అంటారు? షార్ట్ కాకుండా చచ్చిపోయే చిప్పులు ఎన్ని లేవు?

మావయ్య: అయితే సాక్షిని అడుగుదాం. ఆ 5 వోల్టులు తయారుచేసింది ఎవరు? కేసు బోర్డు. 19 అటు దిగిందో లేదో దానికి తెలుసు. డిస్క్ పక్కన పెట్టు. ఒట్టి కేసు బోర్డుకి బెంచ్ సప్లై నుంచి 12 వోల్టులిస్తాను, కరెంటు 300 మిల్లీ ఆంపియర్లు దాటకుండా కట్టడి చేస్తాను. అది పోయినా ఆయనకు పోయేదేం లేదు. బక్ కన్వర్టర్ షార్టయి ఉంటే 5 వోల్టుల పిన్ను మీద 12 కనబడుతుంది. బాగుంటే 5 కనబడుతుంది.

ఈ మాటతో కోడలు మొదటిసారి కుర్చీ ముందుకి లాక్కుంది. నా లెక్కలో ఆ రోజు మొత్తం వాదనలో విలువైన వాక్యం ఇదే. విలువైనదాన్ని ముట్టుకోకుండా, పక్కనున్న చవక బోర్డుని అడిగి విలువైనదాని సంగతి తెలుసుకోవడం. కోడలు అడిగిన ప్రశ్నకి మావయ్య బల్ల దగ్గర దారి దొరికింది.

సప్లై ఆన్ చేశారు. కరెంటు కొద్దిగా మాత్రమే లాగింది. 5 వోల్టుల పిన్ను మీద 5.08. కోడలు భూతద్దం పెట్టి బక్ కన్వర్టర్ మీది అక్షరాలు చదివి, ఫోన్లో డేటాషీటు తీసింది.

కోడలు: ఇన్‌పుట్ గరిష్ఠం 23 వోల్టులు. 19 దీనికి దెబ్బే కాదు. అంటే 5 వోల్టుల లైను మీదికి ఎక్కువేమీ పోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటాను మావయ్యా, డయోడ్ తీద్దాం. కట్టర్‌తో కాదు. మెలిపెట్టి పీకితే ప్యాడ్ లేచొస్తుంది.

మావయ్య: నలభై ఏళ్ల చెయ్యమ్మా ఇది. సరే, ఐరన్‌తోనే తీస్తాలే. రెండు వైపులా కాస్త కొత్త సోల్డర్ పోసి వేడి చేస్తే జారిపోతుంది. బోర్డు ముందు డిస్క్ నుంచి విప్పి పక్కన పెట్టుకుందాం, వేడి అటు పోకుండా.

డయోడ్ తీశాక బోర్డు మీద మళ్లీ కొలిచారు. షార్ట్ పోయింది. డయోడ్‌కి ముందున్న సున్నా ఓముల రెసిస్టర్ కూడా తెగలేదు. చాలామంది దాన్ని చూడటం మర్చిపోయి, డయోడ్ తీసినా సప్లై రావడం లేదని బోర్డు చచ్చిందనుకుంటారు. డయోడ్ తీశాక కూడా షార్ట్ అలాగే ఉండి ఉంటే మోటారు ఐసీ పోయినట్టు, అప్పుడు దారి వేరు.

మావయ్య: వాళ్లబ్బాయి ఇంకో మాటన్నాడు. ఇదే మోడల్ డిస్క్ పాతది కొని, బోర్డు మార్చేస్తే పోలేదా అని.

కోడలు: అలా మార్చి, ‘డిస్క్ లోపలే పోయింది’ అనుకుని పారేసిన వాళ్లున్నారు. ప్రతి డిస్క్‌కీ ఫ్యాక్టరీలో దాని హెడ్లకి సరిపోయే విలువలు విడిగా కొలిచి, బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న రోమ్ చిప్‌లో రాస్తారు. పక్క డిస్క్ బోర్డులో దాని విలువలుంటాయి. బోర్డు నంబరు అచ్చంగా కలిసినా, ఆ రోమ్‌ని పాత బోర్డు నుంచి తీసి కొత్తదాని మీద వెయ్యాలి. కొన్నిట్లో అది ప్రధాన ఐసీ లోపలే ఉంటుంది, మార్చడం ఇంకా కష్టం.

మావయ్య: ‘బోర్డు మార్చెయ్’ అనేదే ఇప్పుడు ప్రతి సర్వీస్ సెంటర్ మంత్రం. నువ్వూ ఆ బడి నుంచే వచ్చావనుకున్నాను.

కోడలు: నేను ఆ బడే మావయ్యా, దాచను. ఫ్యాక్టరీలో అయితే దెబ్బతిన్న బోర్డుని నమ్మం. ఒకసారి 19 చూసిన ఐసీ ఇవాళ పనిచేసినా, ఆరు నెలల తర్వాత ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అది తప్పు నియమం కాదు. ఇక్కడ మనకు బోర్డు ఆరేళ్లు బతకనవసరం లేదు, కాపీ పూర్తయ్యేదాకా బతికితే చాలు. అందుకే ఒప్పుకున్నాను.

మావయ్య: కాపీకి ముందు కొత్త డయోడ్ వెయ్యాలా?

కోడలు: వెయ్యాలి. ఇప్పుడు ఆ లైనుకి కాపలా లేదు.

మావయ్య: నేనొద్దంటాను. ఇంకోసారి వేడి ఎందుకు? కేసుకీ అడాప్టర్‌కీ తగిలించం. డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా సాటా కేబుల్‌తో ఇద్దాం. దాని 12 వోల్టుల లైను 11.4కీ 12.6కీ మధ్యే ఉండాలి, ఎక్కువైతే తనే ఆపేసుకునే ఏర్పాటు ఉంటుంది. నీ కళ్లముందే మీటరు పెట్టి చూపిస్తాను. కాపీ అయ్యాక డయోడ్ వేసుకుందాం.

కోడలు ఒప్పుకోలేదు, కాదనలేదు, మీటరు అందుకుని ఎస్‌ఎంపీఎస్ కొలిచింది. 12.1. నేను మావయ్య వైపే. కాపలా లేదన్న భయం సరైనదే, కానీ నమ్మకమైన సప్లై ఎదురుగా ఉన్నప్పుడు పాత ప్యాడ్ల మీద మళ్లీ ఐరన్ పెట్టడం వల్ల వచ్చే లాభం తక్కువ.

డిస్క్ తిరిగింది. టిక్కుమనలేదు. విండోస్ కంప్యూటర్‌కి తగిలిస్తే వెంటనే ఒక పెట్టె లేచింది, ‘ఈ డిస్క్‌ని ఫార్మాట్ చెయ్యాలా’ అంటూ. మావయ్య చెయ్యి మౌస్ మీదే ఉంది.

కోడలు: ముట్టుకోకండి! క్యాన్సిల్. డేటా పోలేదు. కొన్ని కేసు బోర్డులు డిస్క్‌లోని 512 బైట్ల సెక్టార్లని 4096 బైట్లవిగా మార్చి చూపిస్తాయి. నేరుగా తగిలిస్తే విండోస్‌కి ఆ పట్టిక అర్థం కాదు, ఖాళీ డిస్క్ అనుకుంటుంది. ఇంకొన్ని కేసు బోర్డులు రాసేటప్పుడే డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తాయి. రెండింట్లో ఏదైనా, ఆ చిన్న బోర్డు లేనిదే ఫైళ్లు కనబడకపోవచ్చు. దాన్ని చెత్తబుట్టలో వేస్తారేమో, జాగ్రత్త. ఇప్పుడు మనకు ఫైళ్లు కనబడక్కర్లేదు. లినక్స్ పెట్టి డీడీరెస్క్యూతో మొదటి సెక్టార్ నుంచి చివరిదాకా ఉన్నదున్నట్టు ఇమేజ్ తీద్దాం. చదవడం మాత్రమే, ఒక్క బైటు కూడా రాయొద్దు. చదవలేని చోటు వస్తే అది వదిలేసి ముందుకెళ్లి, తేలికగా వచ్చేదంతా వచ్చాక వెనక్కి వస్తుంది.

ఇమేజ్ తీస్తున్నంతసేపూ అసలు తగాదా జరిగింది. ఇద్దరూ గొంతు పెంచింది ఇక్కడే.

మావయ్య: ఒక్కటి చెప్పు. తప్పెవరిది? గుచ్చినవాడిదా, అన్ని వోల్టేజీలకీ ఒకే కన్నం పెట్టినవాడిదా? 5 వోల్టుల పెట్టెకీ ఆ గుండ్రటి జాకే, 9కీ అదే, 12కీ అదే, 24కీ అదే. బయట 5.5 మిల్లీమీటర్లు, లోపలి పిన్ను 2.1 లేదా 2.5. లాప్‌టాప్ ప్లగ్గు 2.5ది, డిస్క్ పిన్ను 2.1ది. వదులుగా ఉన్నా దూరిపోతుంది. గిటార్ పెడల్స్‌కైతే మధ్యలో నెగెటివ్, మిగతావాటికి పాజిటివ్. ఇంట్లో వాళ్లకి ఇదంతా ఎట్లా తెలుస్తుంది?

కోడలు: అడాప్టర్ మీద రాసి ఉంటుంది. డిస్క్ మీదా రాసి ఉంటుంది.

మావయ్య: నల్ల ప్లాస్టిక్ మీద బూడిద రంగు అక్షరాలు. ఆ హార్మోనిస్టు భార్యకి డెబ్బై దాటాయి, ఆమె చదవాలా? మీ చదువుల్లో జపాన్ పద్ధతి చెప్పరా? వాళ్లు ఏనాడో వోల్టేజీని బట్టి ప్లగ్గు సైజు మార్చేశారు. 3.15 వోల్టుల దాకా ఒకటి, 6.3 దాకా ఇంకోటి, 10.5, 13.5, 18. పెద్ద వోల్టేజీ ప్లగ్గు చిన్నదాంట్లో దూరదు. నా దుకాణానికి వచ్చే జపాన్ టేప్ రికార్డర్లలో చూశాను.

కోడలు: ఆ ప్రమాణం మంచిదే. కానీ ప్రపంచమంతా చవకగా దొరికే జాక్ వైపే పోయింది. ఇప్పుడు దారి యూఎస్‌బీ-సి. అందులో ఛార్జర్ మొదట 5 వోల్టులే ఇస్తుంది. అవతలి పరికరం అడిగితేనే 9కో, 20కో పెరుగుతుంది. అడగనిదానికి ఎక్కువ పోదు. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబర్ 28 నుంచి ఫోన్లకీ టాబ్లెట్లకీ దాన్ని తప్పనిసరి చేసింది, లాప్‌టాప్‌లకి 2026 ఏప్రిల్ 28 గడువు.

మావయ్య: మరి రౌటర్లు, కెమెరా డీవీఆర్లు, ఈ డిస్కులు? రేపు నా బల్ల మీదికి వచ్చేవి అవే.

కోడలు: వాటికి లోపలే కాపలా పెట్టొచ్చు. ఒక మాస్‌ఫెట్, దానికి చిన్న కంట్రోల్ ఐసీ. 14 వోల్టులు దాటగానే దారి మూసేస్తుంది, సరైన అడాప్టర్ పెట్టగానే తెరుస్తుంది. ఏదీ కాలదు. నేను గీసిన ప్రతి బోర్డులోనూ పెడుతున్నాను. ఖర్చు లెక్కలప్పుడు మొదట కొట్టేసేది దాన్నే. నేను ప్రతిసారీ కొట్లాడతాను, కొన్నిసార్లే నెగ్గుతాను.

మావయ్య: మరి ఇందాక ‘రాసి ఉంటుంది’ అన్నావు?

కోడలు: అన్నాను. చదవాల్సిన బాధ్యత మనిషికి లేదని నేననను. గ్యాస్ రెగ్యులేటర్, ఇన్వర్టర్, మందుల సీసా, అన్నిటికీ చదవాలి.

మావయ్య: మందుల సీసా పిల్లాడు తెరవకుండా మూత పెడతారమ్మా.

దీనికి ఆమె జవాబు చెప్పలేదు. ఈ విషయంలో నా తీర్పు స్పష్టం. ఒకే కన్నంలో దూరే రెండు వోల్టేజీలు ఒకే ఇంట్లో ఉన్నప్పుడు, ఏదో ఒకరోజు అవి కలుస్తాయి. ఆ సంగతి కన్నం పెట్టినవాళ్లకి అందరికంటే ముందు తెలుసు.

ఇమేజ్ పూర్తయింది. చదవలేని సెక్టార్లు లేవు. దాన్ని ఇంకో డిస్క్ మీదికి ఎక్కించి, ఆ డిస్క్‌ని కేసు బోర్డుకి తగిలించి, మీటరుతో చూసిన 12 వోల్టుల అడాప్టర్ పెడితే ఫోల్డర్లు వరసగా కనబడ్డాయి.

మావయ్య: ఆయనకి ఫోన్ చేసి రెండు కొత్త డిస్కులు తెమ్మంటాను. ఒకటి ఇక్కడ, ఒకటి హైదరాబాద్‌లో వాళ్ల చెల్లెలింట్లో. ఈ పాతదానికి కొత్త డయోడ్ వేసి ఇచ్చేస్తాను.

కోడలు: ఇవ్వొద్దు. పనిచేస్తోందనుకుని మళ్లీ దీంట్లోనే పెడతారు.

మావయ్య: అది ఆయన వస్తువు. మీద ‘12 వోల్టులు మాత్రమే’ అని పెద్ద అక్షరాలతో రాసి ఇస్తాను. ఆపైన ఆయన ఇష్టం.

కోడలు: రాసి ఇస్తే సరే. కానీ ఆ రెండు కాపీల్లోనూ ప్రతి ఫైలు చెక్‌సమ్ దీంతో సరిపోయిందని నేను చూశాకే ఈ డిస్క్ దుకాణం దాటాలి.